ఎముక విరిగినా ఎక్కాల్సిందేనా? ఈ వారం ప్రశ్నలన్నీ గుర్రాల మీదే

ఆటల మీద ప్రశ్నలు పంపండి అంటే ఎప్పుడూ క్రికెట్టే వస్తుంది, మహా అయితే కబడ్డీ. ఈసారి మాత్రం బెజవాడ, గుంటూరు వాళ్ళంతా కూడబలుక్కున్నట్టు గుర్రాల మీద పడ్డారు. ఫోన్లలో కంచెలు దూకే రేసుల వీడియోలు తెగ తిరుగుతున్నాయి కదా, ఆ పుణ్యమే అయ్యుంటుంది. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, మీ ఉత్తరం అచ్చంగా లేకపోతే ఏమనుకోకండి.

ప్రశ్న: అన్నా, ఒక రీల్‌లో ముప్పై గుర్రాలు ఒకేసారి కంచె మీంచి దూకుతున్నాయి, నలుగురైదుగురు రైడర్లు కిందపడ్డారు, వెనకాల గుర్రాలు వాళ్ళ మీంచే వెళ్ళిపోయాయి, అయినా ఒకడు లేచి దులుపుకుని నడుచుకుంటూ పోయాడు. ఇది నిజమా గ్రాఫిక్సా? వీళ్ళు రోజూ ఇదే పని చేస్తారా?
– డిగ్రీ సెకండియర్ కుర్రాడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిజమే తమ్ముడూ. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీలో ఏటా ఏప్రిల్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ అయ్యుంటుంది. దగ్గర దగ్గర 7 కిలోమీటర్లు, 30 కంచెలు. మన హైదరాబాద్, బెంగుళూరుల్లో జరిగేవి ఫ్లాట్ రేసులు, గుర్రం చదును మీద పరిగెడుతుంది అంతే. ఇది జంప్ రేసు, ఇంగ్లండ్, ఐర్లండ్, ఫ్రాన్స్‌లలో దీనికి పెద్ద సీజనే ఉంది. 1752లో ఐర్లండ్‌లో ఇద్దరు ఆసాములు పందెం వేసుకుని బటవెంట్ అనే ఊరి చర్చి నుంచి డోనరైల్ చర్చి దాకా అడ్డమొచ్చిన గోడలూ కాలవలూ దూకించుకుంటూ గుర్రాల మీద పోయారని చెప్తారు, అక్కణ్ణుంచి పట్టుకుంది ఈ పిచ్చి.

దూకేవి రెండు రకాలు. హర్డిల్ మూడున్నర అడుగులుంటుంది, తగిలితే కాస్త వంగుతుంది. ఫెన్స్ అంటే తక్కువలో తక్కువ నాలుగున్నర అడుగులు, మన డాబా పిట్టగోడ కంటే ఎత్తన్నమాట, అది సరిగ్గా దూకకపోతే గుర్రమే బోల్తా కొడుతుంది. అర టన్ను బరువున్న జంతువు గంటకి 45, 50 కిలోమీటర్ల స్పీడులో వస్తూ బోల్తా కొడితే పైనున్నవాడి సంగతి నువ్వే ఊహించుకో.

జంప్ జాకీలు సుమారు 15, 20 రేసులకి ఒకసారి కిందపడతారని అంచనా. ఫ్లాట్ జాకీలకి అది వందల రేసులకి ఒకసారి. మంచి జంప్ జాకీ ఏడాదికి ఐదారొందల రేసులు తొక్కుతాడు, లెక్క వేసుకో మరి. ఆఫీసుకి వెళ్ళేవాడికి ట్రాఫిక్ ఎంతో వీళ్ళకి పడటం అంత.

పడేటప్పుడు ఏం జరుగుతుందంటే, గుర్రం ముందుకాళ్ళు కంచెకి తగలగానే అప్పటిదాకా కళ్ళెదురుగా ఉన్న దాని మెడ ఒక్కసారిగా కిందికి పోతుంది, పట్టుకుందామంటే ముందు ఏమీ ఉండదు. ఎవరికైనా చెయ్యి చాపి నేలకి ఆనించుకోవాలనిపిస్తుంది, అదే చెయ్యకూడదు, గడ్డం గుండెకి ఆనించి, మోచేతులు లోపలికి లాక్కుని, భుజం మీద దొర్లాలి. దొర్లడం ఆగాక అలాగే ముడుచుకుని కదలకుండా పడుండాలి. ఎందుకంటే వెనకొచ్చే గుర్రం కావాలని మనిషిని తొక్కదు, కదలకుండా పడున్నదాన్ని తప్పించుకోడానికే చూస్తుంది, లేచి అటూ ఇటూ పరిగెత్తేవాడు ఎటు పోతాడో దానికి తెలీదు. మందంతా దాటిపోయాకే లేవాలి. నువ్వు చూసినోడు దులుపుకుని నడిచిపోయాడంటే అందుకే, అది అదృష్టమే కాదు, నేర్చుకున్న పని కూడా. ట్రాక్ పక్కనే అంబులెన్సులు, డాక్టర్ కారు రేసు వెంబడి పరిగెడుతూనే ఉంటాయి, వీడియోలో గుర్రాల మీదే చూపు ఉంటుంది కాబట్టి మనం గమనించం.

ప్రశ్న: వీళ్ళకి ఎక్కువగా విరిగే ఎముక ఏది? తలకి దెబ్బ తగిలితే రూల్స్ ఏమైనా ఉన్నాయా?
– ఫిజియోథెరపీ స్టూడెంట్, సూర్యారావుపేట, విజయవాడ

ఇంకో ప్రశ్న: మా తాతయ్య అంటాడు, ఆ దొరలకి పుత్తూరు కట్టు గురించి తెలీక ఆపరేషన్లు చేయించుకుంటున్నారు, కట్టు కట్టిస్తే మూడు వారాల్లో గుర్రం ఎక్కొచ్చు అని. నిజమేనా సర్?
– మంగళగిరి నుంచి ఒక మనవడు

జవాబు: ముందు సూర్యారావుపేటకి. కాలర్ బోన్. భుజం మీద పడితే ఆ దెబ్బంతా వెళ్ళి ఆ సన్నటి ఎముక మీద పడుతుంది. రాత్రి వాన పడ్డాక బెంజ్ సర్కిల్ దగ్గర బండి స్కిడ్డయిన కుర్రాళ్ళకి విరిగేది కూడా చాలాసార్లు అదే, మీ వీధిలో ఏ ఆర్థోపెడిక్ డాక్టర్ని అడిగినా చెప్తారు. తర్వాత మణికట్టు, పక్కటెముకలు, వెన్నుపూసలు. పైగా బరువు తగ్గడానికి ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకునేవాళ్ళు కదా, జాకీల్లో ఎముకల సాంద్రత తక్కువగా ఉంటోందని ఐర్లండ్‌లో పరిశోధనలు చేసి మరీ చెప్పారు. అంటే పడటం ఎక్కువ, ఎముక బలం తక్కువ, రెండూ ఒకే మనిషికి.

తల సంగతి ఇంకా సీరియస్. లైసెన్స్ ఇచ్చేటప్పుడే జాకీకి జ్ఞాపకశక్తి, స్పందన వేగం ఇలాంటివి టెస్ట్ చేసి రికార్డ్ పెట్టుకుంటారు. తలకి దెబ్బ తగిలి కన్‌కషన్, అంటే మెదడు అదిరిందని తేలితే మళ్ళీ అదే టెస్ట్ పెట్టి పాత రికార్డుతో పోల్చి చూస్తారు, పాసయ్యి డాక్టర్ సంతకం పెట్టేదాకా గుర్రం ఎక్కనివ్వరు. దెబ్బ తిన్న హెల్మెట్ కూడా మళ్ళీ పెట్టుకోకూడదు, పైకి ఏమీ కనిపించకపోయినా లోపలి పొర ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు. ఇది మన బైక్ హెల్మెట్‌కీ వర్తిస్తుంది, కిందపడ్డ హెల్మెట్‌కి స్టిక్కర్ వేసి వాడేవాళ్ళు బెజవాడలో బోలెడుమంది.

మంగళగిరి మనవడికి: తాతయ్యకి నా నమస్కారాలు చెప్పు బాబూ. పుత్తూరు కట్టు మీద మన జనానికి ఉన్న నమ్మకాన్ని నేను ఎగతాళి చెయ్యను, మా ఇళ్ళల్లోనూ కట్టించుకున్నవాళ్ళున్నారు. కానీ ఎముక అతకడానికి పట్టే టైమ్ ఎవరు కట్టు కట్టినా దాదాపు ఒకటే, పెద్దవాళ్ళకి కాలర్ బోన్ అంటే ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. జాకీలు ప్లేట్ వేయించుకునేది ఎముక అటూ ఇటూ జరక్కుండా ఉంటే తొందరగా కదలొచ్చనే. అయినా ఎక్స్‌రే తీయించకుండా, ముక్క ఎటు జరిగిందో చూడకుండా ఏ కట్టూ వద్దు. వెన్నెముక దెబ్బకైతే అసలు ఆ ఆలోచనే వద్దు.

ప్రశ్న: అయ్యా, నేను పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. మెకాయ్ అనే జాకీ వెన్ను విరిగినా రెండు నెలల్లో మళ్ళీ గుర్రమెక్కాడని చదివి మా పిల్లలకి చెప్పేవాణ్ణి. ఇప్పటి పిల్లలకి చిన్న బెణుకొస్తే వారం సెలవు. ఆ పట్టుదల గురించి నాలుగు మాటలు రాయండి.
– తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది పట్టుదల గురించి, నేను రాసేది కొంచెం వేరేగా ఉంటుంది, కోప్పడకండి.

మీరు చదివింది నిజమే. టోనీ మెకాయ్, ఉత్తర ఐర్లండ్ మనిషి, 1996 నుంచి 2015 దాకా వరసగా 20 సార్లు బ్రిటన్ ఛాంపియన్ జంప్ జాకీ. 4,300 పైచిలుకు గెలుపులు. 2010లో గ్రాండ్ నేషనల్ కొట్టాడు, అదే ఏడాది బీబీసీ వాళ్ళ మేటి క్రీడాకారుడి అవార్డు కూడా, ఒక జాకీకి అది రావడం అదే మొదలు. 2008 జనవరిలో వార్విక్‌లో పడి వెన్నుపూసలు విరిగితే లోహపు ప్లేట్లు వేయించుకుని, సున్నాకి వంద డిగ్రీలకి మించి కిందికి చల్లబరిచిన గదిలో నిలబడి వాపు తగ్గించుకుని, మార్చిలో చెల్టెన్‌హామ్ అనే చోట జరిగే పెద్ద రేసుల పండగ టైముకి దిగిపోయాడు. రూబీ వాల్ష్ అని ఇంకో మహానుభావుడు, 2008 నవంబర్‌లో పడితే ప్లీహమే తీసేశారు, నెల తిరక్కుండా మళ్ళీ గుర్రం మీదున్నాడు. వింటుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది, కాదనను.

కానీ వాళ్ళు ఎందుకంత తొందరపడ్డారో కూడా చెప్పాలి కదండీ. జంప్ జాకీల్లో ఎక్కువమందికి నెల జీతం లేదు. ఎక్కిన గుర్రానికి ఇంత అని ఫీజు, బ్రిటన్‌లో అది 200 పౌన్ల పైచిలుకు, మన లెక్కలో ఇరవై వేల పైమాటే, అబ్బో అనిపిస్తుంది గానీ అందులోంచి ఏజెంట్‌కి ఇవ్వాలి, జీనూ బట్టలూ సర్దిపెట్టే వ్యాలెట్‌కి ఇవ్వాలి, ఊరూరా తిరగడానికి పెట్రోలు. గెలిస్తే ప్రైజ్‌లో కొంత వాటా. ఎక్కకపోతే ఆ ఫీజు లేదు, ఇన్సూరెన్స్ డబ్బులేవో కొంత వస్తాయి. దానికంటే పెద్ద భయం ఇంకోటుంది, నువ్వు మంచంలో ఉన్న ఆరు వారాలు నీ గుర్రాన్ని ఇంకొకడు ఎక్కుతాడు, వాడు గెలిచాడంటే ఓనర్ మళ్ళీ నిన్ను పిలవడు. కాబట్టి ఆ పట్టుదలలో సగం ధైర్యమైతే సగం ఉద్యోగ భయం, పెద్ద పేరున్నోళ్ళని వదిలేస్తే మామూలు జాకీకి ఆ రెండో సగమే ఎక్కువ. నొప్పి దాచుకునేవాళ్ళు, డాక్టర్ ముందు చెయ్యి పైకెత్తి చూపించి బయటికొచ్చాక పళ్ళు కొరుక్కునేవాళ్ళు ఈ వృత్తిలో కొత్తేం కాదు.

ఇంకోటి, బరువు. మెకాయ్ దాదాపు 5 అడుగుల 10 అంగుళాల మనిషి. అసలు కుర్రతనంలో ఫ్లాట్ జాకీ అవుదామని ఐర్లండ్‌లో చేరితే కాలు విరిగి మంచాన పడ్డాడు, ఆ విరామంలో పొడుగూ బరువూ పెరిగిపోయి ఫ్లాట్‌కి పనికిరాకుండా పోయి జంప్‌కి వచ్చాడు. జంప్‌లో కూడా జీనుతో కలిపి 10 స్టోన్లకి, అంటే 63 కిలోల పైచిలుకుకి, దిగాల్సిన రోజులుండేవి. దానికోసం ఏళ్ళ తరబడి పొద్దున్నే ఒళ్ళు కాలిపోయేంత వేడినీళ్ళ తొట్టెలో కూర్చుని చెమట కార్చేవాడు, కొద్దిగా టీ, చిన్న ముక్క ఏదో తినడం, మళ్ళీ తొట్టె. అలా నీరంతా పోగొట్టుకుని నీరసంగా ఉన్న ఒంటితో మధ్యాహ్నం కంచెలు దూకించాలి. బ్రిటన్ రేస్‌కోర్సుల్లో ఉండే ఆవిరి గదుల్ని కోవిడ్‌లో మూసేసి తర్వాత మళ్ళీ తెరవలేదు, జాకీలకి బరువులో కాస్త వెసులుబాటు ఇచ్చారు. నన్నడిగితే ఆ పని ముప్పై ఏళ్ళ ముందే చెయ్యాల్సింది.

లేచినవాళ్ళ కథే మనం పిల్లలకి చెప్తాం, లేవనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి మాస్టారూ. టిమ్ బ్రూక్‌షా అని ఉండేవాడు, 1959 గ్రాండ్ నేషనల్‌లో రికాబు విరిగిపోతే రెండు కాళ్ళూ వేలాడేసుకునే మిగతా కంచెలు దూకించి సెకండ్ వచ్చిన మొనగాడు. ఆయనే 1963 డిసెంబర్‌లో అదే ఎయిన్‌ట్రీలో పడి కాళ్ళు పడిపోయాయి. కొన్ని నెలలకి 1964 నేషనల్‌లో పాడీ ఫారెల్ అనే ఆయనకీ అదే గతి, ఇంట్లో చిన్న చిన్న పిల్లలు. అప్పటిదాకా అలాంటివాళ్ళకి వచ్చే సాయం ఏపాటిదో తెలిసి జనం చందాలేసి పెట్టిందే ఇప్పటి ఇంజ్యూర్డ్ జాకీస్ ఫండ్. ఇప్పుడు దానికి లాంబోర్న్, మాల్టన్, న్యూమార్కెట్‌లలో మూడు పెద్ద రిహాబ్ సెంటర్లున్నాయి, జిమ్మూ ఈతకొలనూ ఫిజియోలూ అన్నీ. అయినా ప్రమాదం పోలేదు. 2013లో చెల్టెన్‌హామ్‌లో పడ్డ జాన్ థామస్ మెక్‌నమారా మెడ నుంచి కిందికి చచ్చుబడి 2016లో పోయాడు. వాళ్ళ కజిన్ రాబీ 2015లో పడి నడుం కింద పోగొట్టుకుని, చక్రాల కుర్చీలోంచే గుర్రాల ట్రైనర్ అయ్యాడు. 2025 ఫిబ్రవరిలో థర్ల్స్‌లో పడ్డ మైకేల్ ఓసలివన్‌కి 24 ఏళ్ళే, పది రోజులు ఆస్పత్రిలో ఉండి వెళ్ళిపోయాడు.

అందుకని నా ఓటు విరిగిన ఎముకతో ఎక్కినవాడికి కాదు, "ఇవాళ నువ్వు ఎక్కట్లేదు" అని జాకీ మెడికల్ పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టిన డాక్టర్‌కి. జాకీ చేతిలో నిర్ణయం పెడితే వాడు ఎక్కుతాడు, ఎక్కకపోతే పూట గడవదు కాబట్టి. బెణుకొచ్చి వారం సెలవు పెట్టిన మీ పిల్లాడు కూడా తప్పు చెయ్యలేదనే అంటాను. మీరు ఇరవై ముప్పై ఏళ్ళు గ్రౌండ్‌లో నిలబడ్డవారు, బెణుకు మీద పరిగెత్తించి మోకాలు పోగొట్టుకున్న పిల్లల్ని నాకంటే మీరే ఎక్కువ చూసుంటారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్ళు, 46 కిలోలు, ఎంత పెట్టినా ఒళ్ళు చెయ్యడు. టెన్త్ అయ్యాక జాకీ అవుతానని పట్టుబట్టాడు, అదీ కంచెలు దూకేదే కావాలట. విజయవాడలో ఎక్కడ నేర్పుతారు? వాళ్ళ నాన్నగారు ఇంట్లో అన్నం మానేశారు.
– ఒక అమ్మ, పటమట

జవాబు: అమ్మా, ముందు వారిని భోజనానికి లేపండి, అంత కొంప మునిగిందేం లేదు. బెజవాడలో గానీ గుంటూరులో గానీ రేస్ కోర్సే లేదు. మీరు హైదరాబాద్ బస్సులో వెళ్తే దిల్‌సుఖ్‌నగర్ దాటాక మలక్‌పేటలో వస్తుంది, మనకి దగ్గర్లో ఉన్నది అదే. అక్కడా, మన దేశంలో మిగతా టర్ఫ్ క్లబ్బుల్లోనూ ఇప్పుడు నడిచేవి ఫ్లాట్ రేసులే, కంచెలు దూకే జాకీ ఉద్యోగం ఇక్కడ లేదు. ఫ్లాట్ జాకీ అవ్వాలంటే అప్రెంటిస్‌గా చేరాలి, తెల్లారకముందే లేచి లాయం శుభ్రం చెయ్యడంతో మొదలవుతుంది, ఎక్కడం ఆ తర్వాతే. పదహారేళ్ళకి 46 అంటే ఇంకా ఎదిగే వయసు, ఇరవై ఏళ్ళకి 60 దాటితే ఆ దారి మూసుకుపోతుంది, కాబట్టి చదువు మాత్రం మాన్పించకండి.

దూకడమే ఇష్టమైతే వేరే దారి ఉంది. ఈవెంటింగ్, షో జంపింగ్ అని ఒలింపిక్స్‌లో ఉండే ఆటలు. బెంగుళూరు అబ్బాయి ఫవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చాడు, టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానం. ఖరీదైన ఆటే, అబద్ధం చెప్పను. ఎన్‌సీసీలో గుర్రాల విభాగం ఒకటుంది, రీమౌంట్ అండ్ వెటర్నరీ అంటారు, పిల్లాణ్ణి గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళి మన దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి. ముందు ఒక వారం గుర్రం దగ్గర పేడ ఎత్తనివ్వండి, ఇష్టం నిజమైతే నిలబడుతుంది, రీల్స్ చూసి పుట్టిందైతే రెండో రోజే ఇంటికొచ్చేస్తాడు.

ప్రశ్న: ఇందులో ఆడవాళ్ళు లేరా?
– ఇంటర్ అమ్మాయి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: ఎందుకు లేరమ్మా, మగవాళ్ళతో కలిసే, అదే రేసులో, అవే బరువులకి. ఐర్లండ్ అమ్మాయి రేచల్ బ్లాక్‌మోర్ 2021లో మినెల్లా టైమ్స్ అనే గుర్రం మీద గ్రాండ్ నేషనల్ గెలిచింది, ఆ రేసు గెలిచిన మొదటి మహిళ. ఆ జులైలోనే కిల్లార్నీలో పడి తుంటి, చీలమండ విరగ్గొట్టుకుంది, తిరిగొచ్చి 2022లో చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ కూడా కొట్టింది, దాన్నీ గెలిచిన మొదటి మహిళ తనే. 2024లో మెడకి దెబ్బ తగిలి నెలల తరబడి కూర్చుంది. 2025 మేలో, 35 ఏళ్ళకి, ఇక చాలు అని దిగిపోయింది. ఈ వృత్తిలో తన కాళ్ళ మీద నడిచి రిటైరవడం కూడా ఒక కప్పే.

ప్రశ్న: మనుషుల గురించి ఇంత రాస్తారు, గుర్రాల మాటేంటి? కాలు విరిగితే కాల్చేస్తారట కదా?
– అరండల్‌పేట

జవాబు: ఇప్పుడు ఎక్కువగా ఇంజక్షన్ ఇస్తారు, ఫలితం మాత్రం అదే. అర టన్ను శరీరం మూడు కాళ్ళ మీద నెలల తరబడి నిలబడలేదు, పడుకుంటే పేగులూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి, ఉన్న మంచి కాలి గిట్ట కూడా పాడైపోతుంది. అందుకే పెద్ద ఎముక విరిగితే చాలావరకు బతికించలేరు. ఎయిన్‌ట్రీలో గొడవలు ఎక్కువై 2024 నుంచి గుర్రాల సంఖ్య 40 నుంచి 34కి తగ్గించారు, మొదటి కంచె దగ్గరికి మరీ స్పీడుగా రాకుండా దాన్ని రేసు మొదలయ్యే చోటికి దగ్గరగా జరిపారు. జాకీ తెలిసే ఎక్కుతాడు, గుర్రాన్ని ఎవరూ అడగరు, మీ కోపం న్యాయమైనదే. ఈ ఒక్క విషయంలో ఈ ఆటని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు.

ప్రశ్న: గురూ, ఇంత తెలిసినోడివి, వచ్చే నేషనల్‌కి ఒక టిప్ ఇవ్వు. ఆన్‌లైన్‌లో పెడతా.
– కృష్ణలంక

జవాబు: ఆంధ్రాలో ఆన్‌లైన్ బెట్టింగ్ 2020 నుంచి నిషేధం గురూ, పోలీస్ స్టేషన్‌కి నేను రాను. ఇంకో లెక్క కూడా విను, పైన చెప్పిన మెకాయ్ 17 వేల పైచిలుకు రేసులు తొక్కితే గెలిచింది సుమారు నాలుగింట ఒకటి. ఆ నాలుగులో ఏది గెలుస్తుందో గుర్రం మీద కూర్చున్న ఆయనకే ముందు తెలీదు, గవర్నర్‌పేటలో ఫ్యాన్ కింద కూర్చుని ఈ పేజీ నింపే నన్ను అడిగితే ఎలా?